వంకర గూడు

ఆ వానాకాలం మా అక్క ఏడు కోళ్లతో మా ఇంటికి వచ్చింది.

తొలి జల్లు కురిసి అప్పుడే వెలిసింది. తోపుడుబండి చక్రాల కిరకిర విని నేను గేటు దాకా వెళ్లాను. బండి మీద ఒక రేకుపెట్టె, ఒక పరుపుచుట్ట, వాటి వెనుక రెండు వెదురుగంపలు ఉన్నాయి. గంపల కంతల్లోంచి పసుపుపచ్చని తలలు బయటికి వచ్చి, పన్ను విధించడానికి వచ్చిన అధికారుల వలె మా ఇంటిని కిందినుంచి మీది దాకా పరిశీలిస్తున్నాయి. అక్క బండి అంచు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"పెట్టె రావచ్చు, పరుపు రావచ్చు. ఇవేమిటి?" అన్నాను.

"కోళ్లురా. అంత ఇంగ్లీషు చదివి కోడిని పోల్చుకోలేవా?"

"పోల్చుకోగలను కనుకనే అడుగుతున్నాను."

నా భార్య నా పక్కనుంచి దూరి ముందుకు వచ్చి, "ముందు లోపలికి రండి వదినా. మీ తమ్ముడి విచారణ ఇప్పట్లో తెమలదు," అంది.

నా సంగతి క్లుప్తంగా చెప్పవలసి ఉంది. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు తనిఖీ అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. దొంగ తూనికరాయిని అరచేతిలో పెట్టుకొని చెప్పగలనని బజారులో నాకొక పేరుండేది. ఆ పేరు అబద్ధం కాదు. ఇంట్లో గోడ మీది పటాలు, వాలు చూపే రసమట్టం పెట్టి తగిలించినవి. పెరట్లో పూలకుండీలు నాలుగు వరుసలు. దారం కట్టి, వాటి చుట్టూ ఇటుకల అంచు నేనే పేర్చాను. ఆ పెరట్లోకి ఏడు కోళ్లు రావడమంటే నాకు మింగుడుపడే విషయం కాదు.

అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. నలభై ఏళ్లు బట్టలు కుట్టి, ఎవరి గడప తొక్కకుండా బతికింది. ఆమె అద్దెకుంటున్న ఇంటిని యజమాని పడగొట్టిస్తున్నాడు. కుట్టుపనివారి సంఘం నడిపే వసతి గృహంలో ఒక మంచం ఆమెకోసం అట్టిపెట్టారు. వానాకాలం ముగిసేలోగా ఆమె రావాలి, లేదా మరొకరికి ఇచ్చేస్తారు. ఆ మంచాన్ని నేను వెళ్లి చూసి వచ్చాను. అక్కడ కోళ్లకు చోటు లేదు సరికదా, మంచానికీ గోడకూ మధ్య మనిషి నిలబడటానికే చోటు లేదు. అక్క అక్కడికి పోకూడదు, మా ఇంట్లోనే ఉండాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. అయితే ఆ మాట నేరుగా చెప్పే అలవాటు మా ఇద్దరికీ లేదు.

భోజనాల దగ్గర నేను షరతు పెట్టాను.

"వారానికి ఇరవై గుడ్లు. ఏడు కోళ్లకు అది న్యాయమైన కొలత. వరుసగా మూడు వారాలు ఇరవైకి తగ్గితే కోళ్లు ఈ పెరడు ఖాళీ చెయ్యాలి."

"అవి వెళితే నేనూ వెళతాను," అంది అక్క, తాపీగా.

"నిన్నెవరు వెళ్లమన్నారు?"

"నువ్వొక షరతు పెట్టావు, నేనొకటి పెట్టాను. ఆ కోళ్లు ఉంటే నాకొక పని ఉంటుంది. పనిలేకుండా కూర్చోవలసి వస్తే ఇక్కడ కూర్చుంటేనేం, అక్కడ కూర్చుంటేనేం? ఆ మంచం ఎలాగూ నాకోసం కాచుకుని ఉంది."

"ఇద్దరికిద్దరూ సరిపోయారు," అంటూ నా భార్య ఇద్దరి పళ్లాల్లోనూ అడగకుండానే మారు వడ్డించింది.

ఆ విధంగా అక్క ఉండటమూ పోవడమూ ఏడు కోళ్ల మీద ఆధారపడింది.

మర్నాడు గ్రంథాలయం నుంచి కోళ్ల జాతులను గురించిన ఒక ఇంగ్లీషు గ్రంథం తెచ్చాను. ఈ జాతికి అందులో నోరు తిరగని పేరు ఉంది. "శాంత స్వభావం, మధ్యస్థమైన దిగుబడి, పొదుగుడు మీద మితిమీరిన ఆసక్తి" అని రాసి ఉంది. అక్క ఆ పేరు విని, "అంత పేరు పెట్టి పిలిచేలోపు పిల్లి ఎత్తుకుపోతుంది," అంది. ఆమె వాటిని బొద్దులు అనేది. ఆ పేరే స్థిరపడింది.

గ్రంథకర్త శాంత స్వభావం అన్నాడే కాని, వాటి స్వభావానికి ఆ మాట చాలదు. పాదాల దాకా బూరు కమ్మి, పైజామాలు తొడుక్కున్నట్టుండేవి. ఎగరవు, పరుగెత్తవు. మనిషి ఎదురుగా వస్తే తప్పుకోవు. మనిషే తప్పుకొని పోతాడని నిలబడి ఎదురుచూస్తాయి. ఎత్తుకొంటే చంకలో చంటిబిడ్డల్లా ఒదిగిపోతాయి. నా ఉద్యోగకాలంలో అంతటి నిబ్బరం, తూనికరాళ్లు సరిగ్గా ఉన్న వర్తకుల ముఖాల్లో మాత్రమే చూశాను.

గుడ్ల విషయంలో వాటికి వేరే చట్టం ఉంది. నేను గీసి ఇచ్చిన నమూనా ప్రకారం వడ్రంగి నాలుగు గదులున్న గూడు చేసి తెచ్చాడు. ఏడు కోళ్లకు నాలుగు గదులు పుష్కలం. కాని ఏడింటికీ ఎడమనుంచి రెండో గదే కావాలి. మహారాణి అని అక్క పిలిచే పెట్ట అందులోకి వెళితే గంటన్నర దాకా బయటికి రాదు. బయట మిగతావి వరసగా నిలబడేవి. వరసలో రెండోది నసపెట్టి. అది కాలు మార్చి కాలు వేస్తూ సణుగుతూనే ఉండేది. తొందరమ్మ అనే ఇంకొకటి, ఆగలేక, గుమ్మంలోనే గుడ్డు పెట్టి, అది తనది కానట్టు వెనక్కి చూడకుండా నడిచిపోయేది. గుడ్డు పెట్టేది ఒక్కటి, చాటింపు వేసేవి ఏడూ.

"మిగతా మూడు గదులకు ఏం తక్కువ?" అని ఒకనాడు అడిగాను.

"ఏమీ తక్కువ లేదు. ముందు ఎవతో అందులో కూర్చుంది, అంతే. ఇక ప్రపంచం అంతా అందులోనే ఉందనుకుంటాయి. బొద్దులకు చోటు ముఖ్యంరా."

సాయంకాలం అక్క గుడ్లబుట్ట ఒడిలో పెట్టుకొని వెనుకవసారాలో కూర్చునేది. ఒక్కొక్క గుడ్డునూ వేళ్ల మధ్య దొర్లించి ఎవరిదో చెప్పేది.

"ఇది మహారాణిది. పెద్దకొస మీద ఇసుక చల్లినట్టు గరుకు, చూడు. ఇది నసపెట్టిది, కోసుగా ఉంటుంది దాని మాటలాగే. ఇది పొట్టిదానిది, నడుముకు నాడా బిగించినట్టు గీత."

నేను నా ఇత్తడి త్రాసు తెచ్చి పరీక్ష పెట్టాను. ఇది దానికన్నా చిటికెడు ఎక్కువ అని ఆమె అంటే, ముల్లు ఆ చిటికెడే ఒరిగేది. మెచ్చుకోలు నా నోట సులువుగా రాదు. అయినా, "నీ చేతికి ప్రభుత్వ ముద్ర వెయ్యవచ్చు అక్కా," అన్నాను.

"వెయ్యి. ఇన్నాళ్లూ నువ్వు ఊరందరికీ వేశావు, ఇంట్లోవాళ్లకు ఎప్పుడన్నా వేశావా?" అంది.

పొద్దున్నే పేపరు చదివి వినిపించమనేది. "నువ్వు చదివితే రాసినదానికన్నా ఎక్కువ అర్థమవుతుందిరా." ఇది యథార్థమైన పరిశీలనగా తోచి, నేను సంపాదకీయం మొదలుకొని టెండరు ప్రకటనల వరకు స్పష్టంగా చదివేవాడిని. కుట్టుమిషను ఏం చేశావంటే, "ఇచ్చేశాను. నలభై ఏళ్లు కుట్టిందానికి విసుగు రాదా?" అంది. నాకు సమంజసంగానే తోచింది.

మొదటి వారం ఇరవై మూడు, రెండోవారం ఇరవై ఆరు, మూడోవారం ఇరవై అయిదు. అక్క నోరు విప్పి గర్వం చూపించలేదు. ప్రతి ఆదివారం వేడినీళ్లతో తల రుద్దుకొని, గూటి ముందు ముక్కాలిపీట వేసుకొని కూర్చునేది. అంతే. ఆ కూర్చోవడంలోనే అంతా ఉండేది.

లోపం గూటిలోనే ఉంది. వడ్రంగి దాన్ని తెచ్చిన రోజున వాన పడుతూంది. నేల ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ దించి వెళ్లాడు. అది అటు గోడకూ తిన్నగా లేదు, ఇటు కుండీల వరసకూ తిన్నగా లేదు. పెరటి నడుమ, తాగి నిలబడ్డ మనిషిలాగా, కొంత ఒరిగి ఉండేది. రోజూ పళ్లు తోముకొంటూ దాన్ని చూసేవాడిని. పంటి సందున ఇరుక్కున్న పీచులాగా అది నన్ను వదిలేది కాదు.

అయిదోవారంలో నా భార్య, అక్క కలిసి మా మరదలి ఇంటికి వెళ్లారు. సాయంత్రానికి గాని రారు. నేను వడ్రంగికి కబురు పెట్టాను.

"గూటికేం సారూ, బాగానే ఉందిగా," అన్నాడతను, చుట్టూ తిరిగి చూసి. "కోళ్లేమన్నా స్కేలు పెట్టి చూసుకుంటాయా?"

"నేను చూసుకుంటాను."

"పోనీ, పెద్దమ్మగారితో ఒక మాట చెప్పి..."

"గూడు ఆవిడది. పెరడు నాది. నువ్వు ఆ కొస పట్టుకో."

దాన్ని పదకొండు అడుగులు జరిపి తూర్పుగోడ పక్కకు చేర్చాము. నాలుగు కాళ్ల కిందా ఇటుకలు పెట్టి, రసమట్టం వేసి, గోడకు సమాంతరంగా నిలిపాము. తలుపుకు తెల్లరంగు కూడా వేయించాను. వడ్రంగి వెళ్లిన తరువాత నేను వసారాలో కుర్చీ వేసుకొని చాలాసేపు చూశాను. చాలా రోజుల తరువాత నా కంటికి విశ్రాంతి దొరికింది.

దీపాలు పెట్టే వేళకు వాళ్లు తిరిగి వచ్చారు. అక్క రోజూ చేసినట్టే చెప్పులు విడిచి, కోళ్లను మూయడానికి నేరుగా పెరట్లోకి దిగింది. నేను ప్రశంస అందుకోవడానికి సిద్ధంగా కూర్చున్నాను.

కోళ్లు మూడుగంటలనుంచీ పాతచోటే పట్టుకొని ఉన్నాయి. గూడు ఉండిన మేర నేల పొడిగా, తెల్లగా, దీర్ఘచతురస్రంగా కనబడుతూంది. అవి దాని ముందు వరసగా నిలబడి, లేని గూటి వైపు చూస్తున్నాయి. అక్క మెట్లు దిగి, వేగంగానూ కాదు మెల్లగానూ కాదు, రోజూ నడిచే నడకనే నడిచి ఆ పొడినేల దగ్గర ఆగింది. కుడిచెయ్యి ఎత్తింది. గడియ తిప్పినట్టు తిప్పింది.

అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. ఆ చెయ్యి గాలిలో మరొకసారి తిరిగింది. తరువాత ఎడమచెయ్యి ముందుకు వచ్చింది, పక్కకు వెళ్లింది, తలుపు ఉండవలసిన ఎత్తున కాసేపు ఆగింది. ఆమె వెనుక పదకొండడుగుల దూరంలో కొత్త తెల్లరంగుతో తలుపు మెరుస్తూంది. ఆమె అటు తిరగలేదు.

నేను కుర్చీలోంచి లేచాను.

అక్క చేతులు మెల్లగా దించుకొని, తాను వచ్చింది అందుకోసమే అన్నట్టుగా కోళ్ల మధ్య చతికిలబడి, ఒకదాన్ని ఒడిలోకి లాక్కొంది.

"అక్కా, గూడు గోడ పక్కకు జరిపించాను," అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే పలికిందని అనుకొంటున్నాను.

"కనబడుతూనే ఉందిగా," అంది అక్క, పూలకుండీల వైపు ముఖం పెట్టి. "బాగుంది."

"నీకు బడలికగా ఉంటుంది. కోళ్లను నేను మూస్తాను."

ఏడింటినీ ఒక్కొక్కటిగా ఎత్తుకువెళ్లి కొత్తచోట గూటిలో పెట్టాను. ఒక్కటీ పెనుగులాడలేదు. ప్రతిదీ నా మోచేతి మీదినుంచి మెడ సాచి ఆ పొడినేల వైపు చూస్తూ వచ్చింది.

మర్నాడు అక్క స్నానానికి వెళ్లిన సమయం చూసి నా భార్యను వంటింట్లో పట్టుకొన్నాను.

"అక్క చూపు సంగతి నీకేమైనా తెలుసా?"

ఆమె చేతిలో పని ఆపలేదు. "ఉప్పుడబ్బా జరిపితే వదిన మూత తీసి వాసన చూస్తారు. అందుకని జరపడం మానేశాను."

"ఎప్పటినుంచి?"

"వచ్చిన రెండో రోజునుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆవిడే చెప్పుకోనప్పుడు నేనెవర్ని? అయినా చెబితే మీరు ఊరుకుంటారా? మంచాన కూర్చోబెట్టి కాలు కింద పెట్టనివ్వరు."

ఆమె అన్నది నిజమే. ఎందుకంటే అప్పటికే ఒక చేతికర్ర, ఒక వైద్యుడు, పగటిపూట తోడుండే ఒక మనిషి, ఇంత వరకు నా మనసులో ఏర్పాట్లు పూర్తయి ఉన్నాయి.

ఆ రోజే గూటిని వెనక్కి జరిపించి ఉండవలసింది. జరిపించలేదు. జరిపిస్తే నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోతుంది. ఇది ఒక కారణం. నా ఉత్తర్వును నేనే రద్దు చేసుకొన్న సందర్భం నా ఉద్యోగకాలంలో లేదు. ఇది రెండో కారణం. మొదటిదాన్ని పైకి చెప్పుకొని, రెండోదాన్ని లోపల పెట్టుకొన్నాను.

బొద్దులు గుడ్లు మానుకొన్నాయి. ఆ వారం పదకొండు. మరుసటి వారం తొమ్మిది. రోజూ సాయంత్రం అవి పాతచోట చేరేవి. రోజూ నేను మోసుకువెళ్లేవాడిని. రెండు కోళ్లు ఈకలు రాల్చి పీక్కుపోయాయి. మహారాణి ఆ పొడినేల అంచున గుండ్రటి రాయి ఒకటి చూసుకొని, దానిమీద రెక్కలు పరచి పొదుగుకు కూర్చుంది. లేపబోతే ఒళ్లు ఉబ్బించి ముక్కుతో పొడిచేది. వానలో తడుస్తూ కూర్చుంటే అక్క వెళ్లి దాని మీద నా నల్లగొడుగు తెరిచి పెట్టింది. మూడు రోజులు నేను గొడుగు లేకుండా తిరిగాను.

"చోటు మారితే వీటికి కుదురు చెడుతుందిరా," అంది అక్క ఒకసారి. నిష్ఠూరంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

కొత్తదారిని ఆమె రెండు రోజుల్లో పట్టేసింది. మెట్టు దిగి పద్నాలుగు అడుగులు, మూడో కుండీ అంచు తగలగానే కుడికి. చూస్తున్నానని తెలియకుండా నేను చూసేవాడిని. ఒకనాడు నా ఇటుకల అంచుకు ఆమె కాలు తగిలి ముందుకు తూలింది. తమాయించుకొని, "ఈ ఇటుకలు మొదటినుంచీ ఇక్కడే ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి."

"సరే, ఉండనీ," అని గోడ పట్టుకొని వెళ్లిపోయింది.

గూడు జరిపిన మూడోవారం శుక్రవారం నాడు ఆమె రేకుపెట్టె మంచం కిందినుంచి లాగి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. వసతి గృహం వాళ్లకు నా భార్య చేతనే ఫోను చేయించింది. ఆదివారం పొద్దున బండి వస్తుంది. కోళ్లను వడ్రంగి తన ఇంటికి తీసుకుపోతాడు.

"వారం ఇంకా ముగియలేదు," అన్నాను గుమ్మంలో నిలబడి.

"నిన్నటికి పన్నెండు. ఇంకేం ముగుస్తుంది? మాటంటే మాటేరా. నువ్వు నేర్పిందే."

"నేనా? నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దదానివి."

"అందుకే నేర్చుకోవడం ఆలస్యమైంది."

శనివారం మధ్యాహ్నానికి మొత్తం పద్నాలుగు. ఇంకా ఆరు కావాలి.

నేను చొక్కా మీద కోటు వేసుకొని రెండు వీధుల అవతలి దుకాణానికి వెళ్లాను. ఆ దుకాణదారుడి త్రాసును నేను ఒకప్పుడు రెండుసార్లు జప్తు చేశాను. నన్ను చూడగానే అతను బల్ల వెనుకనుంచి లేచి నిలబడ్డాడు.

"సార్, మళ్లీ డ్యూటీలో చేరారా?"

"ఆరు గుడ్లు కావాలి. ఎర్రవి."

"గుడ్లకా సార్ వచ్చారు!" అని అతను ఊపిరి పీల్చుకొన్నాడు. నేను ఒక్కొక్క గుడ్డునూ అతని త్రాసులో పెట్టి చూశాను. పదిహేడు గుడ్లు తూచి, పదకొండింటిని తిరస్కరించి, గ్రాము తేడా లేని ఆరింటిని ఎంచుకొన్నాను. ఇంటికి వచ్చి వాటిమీది దుకాణపు ముద్రను తడిగుడ్డతో తుడిచాను. ముద్రలు వేయడమే తప్ప తుడిచి ఎరగని చేతులు నావి. వెచ్చదనం కోసం కోటు జేబుల్లో అరగంట ఉంచుకొన్నాను. అక్క కునుకు తీస్తున్నప్పుడు వెళ్లి, నాలుగు గదుల్లోనూ రెండు, రెండు, ఒకటి, ఒకటి చొప్పున న్యాయంగా పంచి పెట్టాను.

సాయంత్రం అక్క బుట్ట తీసుకొని వెళ్లి, మామూలుకన్నా ఎక్కువసేపు ఉండి తిరిగి వచ్చింది. వసారాలో కూర్చుంది.

"ఈరోజు ఆరు. మొత్తం ఇరవై," అన్నాను.

ఆమె ఇంకా ఒక్క గుడ్డు కూడా లెక్కపెట్టలేదు. నా భార్య నా వైపు ఒకసారి చూసి కళ్లు మూసుకొంది.

అక్క ఒక గుడ్డు తీసి వేళ్ల మధ్య దొర్లించి పక్కన పెట్టింది. రెండోది తీసింది. ఆరూ అయ్యాయి.

"ఇవి ఎవరివిరా?"

"కోళ్లవి."

"కోళ్లవని నాకూ తెలుసు. ఏ కోళ్లవి? ఆరూ ఒకే కొలతకు కత్తిరించినట్టున్నాయి. గరుకు లేదు, కోసు లేదు, నాడా గీత లేదు. మహారాణి రాయి మీద ఉంది. నాలుగో గదిలో గుడ్డు దొరికింది నాకు! ఆ గదిలోకి ఇంతవరకు ఒక్క కోడి తొంగి చూసిన పాపాన పోలేదు." ఆగి, "ఎంచి తెచ్చావు కదూ?" అంది.

"తూచి తెచ్చాను."

అక్క నవ్వింది. మొదట భుజాలు కదిలాయి, తరువాత బుట్ట కదిలింది, ఆ తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. నా భార్య నవ్వును దగ్గులోకి మళ్లించబోయి మళ్లించలేకపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు మోసాలు పట్టుకొన్న మనిషిని నేను. నా జీవితంలో చేసిన ఒకే ఒక్క మోసం అయిదు నిమిషాలు నిలవలేదు.

నవ్వు సద్దుమణిగింది. అక్క కళ్లు తుడుచుకొని, "నీకు ఎప్పుడు తెలిసింది?" అంది.

అది గుడ్ల సంగతి కాదు.

"గూడు జరిపిన రోజున."

"రెండేళ్లయింది," అంది. "చూపించుకున్నాను. మందులు వేశారు, సూదులు వేశారు, ఇక తిరిగి రాదన్నారు. నడిమధ్య అంతా పొగలాగా ఉంటుంది. అంచుల్లో కొంచెం వెలుగు. చెబితే నన్ను కూర్చోబెడతావు. నువ్వు చెడ్డవాడివైతే చెప్పేదాన్ని, దెబ్బలాడి నా పని నేను చేసుకునేదాన్ని. మంచివాడితో ఎలా దెబ్బలాడను?"

"వసతి గృహంలో మాత్రం కూర్చోబెట్టరా?"

"పెడతారు. పెట్టేది నా తమ్ముడు కాదుగా."

అక్క ఆరు గుడ్లనూ విడిగా నా వైపు జరిపింది. "ఇవి నీవి. నావి పద్నాలుగు. పొద్దున బండి వస్తుంది."

నేను లేచి నిలబడ్డాను. అధికారిక విషయం కూర్చుని చెప్పడం నాకు చేతకాదు.

"అక్కా, మా శాఖలో ఒక నిబంధన ఉంది. త్రాసును ఒకచోటి నుంచి మరొకచోటికి జరిపితే, మట్టం చూసి, ముల్లు కుదురుకొనేదాకా దానితో తూచకూడదు. ఈలోగా తూచిన ఏ తూకమూ చెల్లదు. దాన్ని పట్టుకొని వర్తకుడి మీద చర్య తీసుకోకూడదు. పైగా దాన్ని కదిలించినవాడు తనిఖీ అధికారే అయితే, తప్పు పూర్తిగా అధికారిది."

"అంటే?"

"గూటిని కదిలించినవాడిని నేను. ఈ మూడు వారాల లెక్క రద్దు."

"ఇది ఇప్పుడు పుట్టించావా?"

"నేను నిబంధనలు పుట్టించను. పాటిస్తాను."

అక్క ముఖం నా గొంతు వైపు తిప్పింది. "మరి మళ్లీ లెక్క ఎప్పుడు మొదలు?"

"ముల్లు కుదురుకొన్నాక."

"ఎప్పటికి కుదురుకుంటుంది?"

"గూడు ముందు పాతచోటికి చేరాలి. ఆపైన కోళ్ల దయ."

వాన మొదలైంది. చూరు మీద ఆ చప్పుడు వింటూ ఆమె ఖాళీ బుట్టను ఒడిలోంచి దించి పక్కన పెట్టింది. తరువాత, "బండివాడికి ఎవరు చెబుతారు?" అంది.

"నేను చెబుతాను."

"మర్యాదగా చెప్పు. పొద్దున్నే వచ్చినవాడికి నిబంధనలు చదవకు."

బండివాడిని మర్యాదగానే పంపించాను. ఆ తరువాత వచ్చిన వడ్రంగి కోళ్లకోసం గంపలు తెచ్చుకొన్నాడు. సంగతి విని గంపలు కింద పెట్టి, "అయితే ఇవాళ మళ్లీ గూడేనా? వచ్చే నెల ఎటు సారూ?" అన్నాడు.

"ఇదే ఆఖరు. పట్టుకో."

అప్పుడు తెలిసింది. మూడు వారాల వానకు ఆ పొడినేల గుర్తు చెరిగిపోయి గడ్డి మొలిచింది. గూడు సరిగ్గా ఎక్కడ, ఎంత ఏటవాలుగా ఉండేదో నేను ఎక్కడా రాసుకోలేదు. వంకరగా ఉన్నదాన్ని రాసిపెట్టుకోవాలని నాకు తోచనే లేదు.

అక్క మెట్లు దిగి, తన పాతనడకనే నడిచి వచ్చి ఒకచోట ఆగింది. కుడిచెయ్యి ఎత్తి అలాగే ఉంచింది.

"గడియ ఇక్కడికి రావాలి," అంది.

వడ్రంగి ఒక కొస, నేనొక కొస గూటిని ఎత్తి ఆ చేతి చుట్టూ తిరిగాము.

"ఇంకొంచెం ఇటు. ఆగండి. నీ కొస వెనక్కి వెళ్లాలిరా. బెత్తెడు. మరీ అంత తిన్నగా పెట్టకు, కాస్త వాలనీ. ఆఁ."

ఆమె చెయ్యి తిరిగింది. గడియ కిర్రుమంది.

"రసమట్టం తెమ్మంటారా సారూ?" అన్నాడు వడ్రంగి రొప్పుతూ.

"అక్కర్లేదు," అన్నాను.

గూడు అటు గోడకూ తిన్నగా లేదు, ఇటు కుండీలకూ తిన్నగా లేదు. సాయంత్రం కోళ్లు ఎవరూ ఎత్తుకోకుండానే వరసగా లోపలికి నడిచాయి. చివరికి మహారాణి కూడా రాయి దిగి, ఒళ్లు దులుపుకొని, అందరికన్నా వెనకగా వెళ్లింది. అక్క తలుపు మూసి నా వైపు తిరిగింది.

"ఒక్క మాటరా. నా చెయ్యి పట్టుకుని నడిపించకు. ఈ ఇంట్లో ఏదన్నా జరిపేటప్పుడు మాత్రం పైకి చెప్పి జరుపు. చాలు."

"అలాగే," అన్నాను.

ఇది జరిగి ఆరేళ్లయింది. ముల్లు ఇంకా కుదురుకోలేదని నా అభిప్రాయం. అందువల్ల గుడ్ల లెక్క తిరిగి మొదలుపెట్టలేదు. మా ఇంటికి వచ్చిన కొత్తవాళ్లు మా పద్ధతి చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు. వాళ్లకు కుర్చీ వేయబోతూ నేను, "కుర్చీ, కిటికీ దగ్గరినుంచి గుమ్మం వైపు, రెండడుగులు" అని గదిలోని గాలికి స్పష్టంగా ప్రకటిస్తాను. పెరట్లోంచో వంటింట్లోంచో, "ఊఁ" అని వినబడుతుంది. ఆ "ఊఁ" వినబడేదాకా అతిథి ఎంత పెద్దవాడైనా నిలబడవలసిందే.